కర్రు ఎర్రబడిన చోట మొదలైన చిక్కుముడి

తొలకరికి ముందు మా కొత్తపల్లెలో కొలిమి దగ్గర నిలబడడానికి చోటుండేది కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడిలో మడక దిగాలంటే కర్రుకు పదునుండాలి. తిత్తి ఊదే కొద్దీ బొగ్గులు భగభగమంటాయి. కర్రు ముదురు ఎరుపుకు తిరిగి, ఆపైన నారింజ రంగులోకి వస్తుంది. అప్పుడు దారానికి కట్టిన చిన్న అయస్కాంతాన్ని కాస్త దూరం నుంచి చూపించండి. చల్లటి ఇనుమును చూస్తే ఎగిరి అతుక్కునే అయస్కాంతం ఆ నారింజ కర్రు ముందు ఏమీ ఎరగనట్టు వేలాడుతుంది. పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టిన కర్రు చల్లారుతుంటే, ఒకానొక క్షణాన దారం చటుక్కున అటు వంగుతుంది.

ఆ క్షణాన ఇనుములో ఏం జరిగిందన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు చాలావరకు 1970ల నాటికే దొరికింది. రెండో ప్రశ్న దానికంటే మొండిది. ఇనుములో వేరే లోహాలు కలగాపులగంగా కలిసిపోయి, అణువుల వరుసలే చెదిరిపోతే, ఆ క్షణం నడిచే తీరు మారుతుందా, మారదా? ఈ ముడి విప్పడానికి ఏళ్లు పట్టింది. విప్పిన చేతుల్లో హైదరాబాద్ గచ్చిబౌలిలో పనిచేసిన చేతులూ ఉన్నాయి. ఆధారాలను ఒక్కొక్కటిగా ముందు పెట్టుకుని చూద్దాం.

మొదటి ఆధారం: 770 డిగ్రీల గీత

ఎర్రగా కాలిన ఇనుమును అయస్కాంతం లాగదని 1600లోనే ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ తన అయస్కాంత గ్రంథంలో రాశారు. ఆ గీత ఎక్కడుందో పట్టుబట్టి కొలిచినవారు పియరీ క్యూరీ. 1895లో ఆయన సమర్పించిన డాక్టరేట్ పరిశోధన దీని మీదే. అందుకే ఆ ఉష్ణోగ్రతకు ఆయన పేరు పెట్టారు. ఇనుముకు క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 770 డిగ్రీల సెల్సియస్. నికెల్‌కు 358 దగ్గర, కోబాల్ట్‌కు 1,120 దగ్గర.

లోపల జరిగేది ఇది. ఇనుములో ప్రతి అణువూ ఒక బుల్లి అయస్కాంతం. దాని దిశను స్పిన్ అంటారు. పక్కనున్న స్పిన్ ఎటు చూస్తే తానూ అటే చూడాలన్నది దాని స్వభావం. వేడి ఆ వరుసను కుదిపేస్తుంది. క్యూరీ ఉష్ణోగ్రత దాటాక కుదుపే గెలుస్తుంది, ఎవరి దారి వారిదవుతుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మంచు కరిగినట్టు ఈ మార్పు ఒక్కపెట్టున జరగదు. ఇనుము వేడెక్కే కొద్దీ అయస్కాంత బలం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, సరిగ్గా ఆ గీత దగ్గర సున్నా అవుతుంది. మరి సున్నాకు ఏ నడకతో చేరుతుంది? చిక్కుముడి కొస అక్కడుంది.

రెండో ఆధారం: ఒక చిన్న అంకె

ఆ నడకను శాస్త్రవేత్తలు ఒకే అంకెలో పట్టుకుంటారు. దాన్ని సందిగ్ధ ఘాతాంకం అంటారు, గుర్తు బీటా. గీతకు మిగిలిన దూరం వెయ్యో వంతుకు తగ్గిందనుకోండి. బీటా 0.5 అయితే అయస్కాంత బలం 32 రెట్లు తగ్గుతుంది. 0.365 అయితే 12 రెట్లే తగ్గుతుంది. చూడటానికి చిన్న అంకె, దాని వెనకున్న తేడా మాత్రం పెద్దది.

ఇలాంటిదే గామా అనే ఇంకో అంకె. గీతకు పైనుంచి దిగివస్తున్నప్పుడు, బయటి అయస్కాంతం పిలుపుకు పదార్థం ఎంత జోరుగా స్పందిస్తుందో అది చెబుతుంది.

1907లో పియరీ వైస్ ఒక సిద్ధాంతం కట్టారు. ప్రతి స్పిన్నూ తన పక్కవాళ్లను విడివిడిగా చూడదని, అందరి సగటునే చూస్తుందని ఆయన అనుకున్నారు. ఆ లెక్కన బీటా సరిగ్గా అర, గామా సరిగ్గా ఒకటి రావాలి. ప్రయోగాలు ఒప్పుకోలేదు. 1964లో జేమ్స్ కూవెల్, మైకేల్ ఫిషర్ నికెల్ కొలతలను కొత్త పద్ధతిలో తిరగేశారు. కొలతలను ఒక సరళరేఖగా మలిచి, ఆ రేఖ వాలులోంచి గామాను, అది సున్నాను తాకే చోటులోంచి క్యూరీ ఉష్ణోగ్రతను ఒకేసారి రాబట్టే పద్ధతి అది. గామా 1.35 అని తేలింది. సగటును నమ్ముకున్న సిద్ధాంతం గీత దగ్గర ఓడిపోయింది. ఇరుగుపొరుగు స్పిన్‌లు జట్లు జట్లుగా ఊగుతాయని, ఆ జట్లను లెక్కలోకి తీసుకోకపోతే జవాబు రాదని దాంతో స్పష్టమైంది.

మూడో ఆధారం: పొత్తులేని పదార్థాలకు ఒకే అంకె

1945లో గుగ్గెన్‌హైమ్ ఎనిమిది పదార్థాల కొలతలను ఒక చోట పేర్చారు. ఆర్గాన్, క్రిప్టాన్, ఆక్సిజన్, మీథేన్ లాంటివి అందులో ఉన్నాయి. ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే సందిగ్ధ బిందువు దగ్గర అన్నీ ఒకే వంపు మీద నడిచాయి. అక్కడ కూడా బీటా మూడో వంతు దగ్గరే ఉంది. ఆవిరికీ అయస్కాంతానికీ ఏం చుట్టరికం?

లియో కడనాఫ్ 1966లో దారి చూపారు, కెన్నెత్ విల్సన్ 1971లో ఆ దారిని గట్టి గణితంగా నిలబెట్టారు. 1982లో విల్సన్‌కు నోబెల్ వచ్చింది. వాళ్లు చెప్పింది ఇంతే. గీతకు దగ్గరయ్యే కొద్దీ ఒకే మాట మీద ఊగే జట్లు పెద్దవవుతూ పోతాయి. చివరికి అవి ఎంత పెద్దవవుతాయంటే, అణువు ఇనుమా నికెలా అన్న చిన్న వివరాలన్నీ కొట్టుకుపోతాయి. మిగిలేవి ముఖ్యంగా రెండు: పదార్థం ఎన్ని కొలతల్లో విస్తరించింది, స్పిన్ ఎన్ని దిశల్లో తిరగగలదు.

ఈ కథలో రెండు కులాల స్పిన్‌లు వస్తాయి. పైకో కిందికో తప్ప మరో దిక్కు ఎరగని స్పిన్‌లు ఇజింగ్ రకం. ఆవిరి కూడా అంకెల వరకు ఈ గుంపే. ఎటైనా స్వేచ్ఛగా తిరిగేవి హైజెన్‌బర్గ్ రకం. మూడు కొలతల లోకంలో ఇజింగ్ రకానికి బీటా సుమారు 0.325, గామా 1.24. హైజెన్‌బర్గ్ రకానికి 0.365, 1.39. ఈ రెండు జతలను గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తాయి.

నాలుగో ఆధారం: 1974, చేలో పందెం

ఇప్పటిదాకా చూసినవి శుద్ధమైన పదార్థాలు. కలగాపులగం సంగతి ఏమిటి? 1974లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి బ్రూక్స్ హారిస్ ఒక చిన్న వ్యాసం రాశారు. అందులోని వాదన మన చేలో నిలబడి చూస్తే చక్కగా అర్థమవుతుంది.

జొన్న, కంది సమానంగా కలిపి చేనంతా చల్లామనుకోండి. వంద మొక్కలున్న మడిని ఎంచితే కంది సరిగ్గా యాభై ఉండదు. ఓ ఐదు అటూ ఇటూ, అంటే పది శాతం తేడా. పదివేల మొక్కలున్న చెక్కలో తేడా ఒక శాతానికి తగ్గుతుంది. పది లక్షల మొక్కలున్న చేలో శాతంలో పదో వంతే. చెక్క పెద్దదయ్యే కొద్దీ కలగాపులగం తనంతట తానే సర్దుకుంటుంది.

అయస్కాంతంలో ఆ చెక్కే స్పిన్‌ల జట్టు. కలగాపులగం ఉన్న పదార్థంలో ఒక్కో జట్టుకు దాని సొంత క్యూరీ ఉష్ణోగ్రత ఉన్నట్టు లెక్క, ఒకదానికి కాస్త ఎక్కువ, ఇంకోదానికి కాస్త తక్కువ. జట్టు పొడవు పదింతలైతే అందులోని అణువులు వెయ్యింతలవుతాయి, జట్ల మధ్య తేడా 32 రెట్లు తగ్గుతుంది. ఇంతవరకు శుభమే. అయితే జట్టు పెరిగిందంటే గీతకు దగ్గరయ్యామని అర్థం. గీతకు మిగిలిన దూరం కూడా తగ్గుతోంది. ఏది ముందు తగ్గుతుందన్నదే పందెం.

హైజెన్‌బర్గ్ రకంలో జట్టు పొడవు పదింతలయ్యేసరికి మిగిలిన దూరం సుమారు 25 రెట్లు తగ్గుతుంది. తేడా 32 రెట్లు తగ్గింది కాబట్టి తేడాదే ముందడుగు. గీత చేరేలోగా కలగాపులగం కరిగిపోతుంది, అంకెలు మారవు. ఇజింగ్ రకంలో మిగిలిన దూరం 39 రెట్లు తగ్గిపోతుంది. తేడా వెనకబడుతుంది. గీతకు చేరువైన కొద్దీ ఒక జట్టు గీత దాటేశానంటుంది, పక్క జట్టు ఇంకా దాటలేదంటుంది. అక్కడ పాత అంకెలు నిలవవు, కొత్తవి పుట్టాలి.

వాదన ఎంత తేటగా ఉందో చూడండి. కలగాపులగం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు. స్పిన్ ఏ రకమో చెప్పు, తీర్పు నేను చెబుతానంటుంది. కానీ వాదన నిలవాలంటే ప్రయోగం ఒప్పుకోవాలి.

ఐదో ఆధారం: గాజులాంటి లోహం, పొంతన లేని అంకెలు

హారిస్ మాటను పరీక్షించడానికి కావాల్సిన పదార్థం అప్పటికే పుట్టింది. 1960లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పోల్ డ్యువే బృందం కరిగిన బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని ఎంత వేగంగా చల్లార్చిందంటే, అణువులకు వరుస కట్టే వ్యవధి దొరకలేదు. ద్రవంలో ఉన్న గజిబిజి అలాగే గడ్డకట్టింది. లోహమే, కానీ లోపల గాజు. తర్వాత ఇనుముతోనూ ఇదే చేశారు. గిర్రున తిరిగే రాగి చక్రం మీదికి కరిగిన లోహాన్ని సన్నని ధారగా వదిలితే, అది సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారి రిబ్బనుగా ఎగిరివస్తుంది. మందం మన తల వెంట్రుకకంటే తక్కువ.

ఈ అస్ఫటిక ఇనుప రిబ్బన్లలో స్పిన్‌లు హైజెన్‌బర్గ్ రకానికి దగ్గరివి. అణువుల అమరికలో కలగాపులగానికి లోటు లేదు. హారిస్ నిజమైతే శుద్ధ పదార్థపు అంకెలే రావాలి, గామా 1.39 దగ్గరుండాలి. ప్రపంచమంతా కొలిచారు. ఒకరికి 1.3 వస్తే ఇంకొకరికి 1.7 దాకా పోయింది. ఒకే జాతి రిబ్బనుకు రెండు ప్రయోగశాలలు రెండు జవాబులిచ్చాయి. కలగాపులగం అంకెలను మారుస్తోందని కొందరు, అసలు గట్టి గీతే లేదని, మార్పు చెదిరిపోయిందని ఇంకొందరు. ముడి ఇక్కడ బాగా బిగిసింది.

ఆరో ఆధారం: గచ్చిబౌలి నుంచి వచ్చిన సాక్ష్యం

హారిస్ వ్యాసం వచ్చిన 1974లోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. అక్కడి భౌతిక శాస్త్ర విభాగంలో ఎస్.ఎన్. కౌల్ ఈ ముడిని పట్టుకుని దశాబ్దాలు వదల్లేదు. 1985లో జర్నల్ ఆఫ్ మాగ్నెటిజం అండ్ మాగ్నెటిక్ మెటీరియల్స్‌లో యాభై పుటలకు దగ్గరగా ఆయన సమీక్ష వచ్చింది. గడ్డకట్టిన కలగాపులగం ఉన్న ఫెర్రో అయస్కాంతాల సందిగ్ధ ప్రవర్తన మీద అప్పటిదాకా వచ్చిన కొలతలను అందులో ఒకచోట చేర్చి, జల్లెడ పట్టారు.

జల్లెడలో తేలింది ఇది. తప్పు హారిస్‌ది కాదు, రిబ్బనుదీ కాదు. కొలతలు తీసుకున్న దూరంలో ఉంది చిక్కు.

మళ్లీ మన చేలోకి రండి. గీతకు దూరంగా ఉన్నప్పుడు జట్లు చిన్నవి, వంద మొక్కల మడి లాంటివి. అక్కడ ఎంచినవాడికి జొన్న, కంది పాళ్లు ఎగుడుదిగుడుగానే కనిపిస్తాయి. శుద్ధ స్ఫటికంలో గీతకు దూరం జరిగే కొద్దీ గామా విలువ మెల్లగా ఒకటి వైపు దిగుతుంది. అస్ఫటిక రిబ్బనులో అది ముందు పైకి లేచి, ఒక శిఖరం తాకి, తర్వాతే దిగుతుంది. ఆ శిఖరం మీద నిలబడి కొలిచినవారికి 1.7 లాంటి విలువలు కనబడ్డాయి. వాళ్ల కొలత అబద్ధం కాదు. అది గీత చెప్పిన మాట మాత్రం కాదు.

గీతకు దగ్గరగా కొలవడమంటే తేలిక పని కాదు. క్యూరీ ఉష్ణోగ్రత 500 కెల్విన్ ఉన్న రిబ్బను తీసుకుంటే, దాని వందో వంతు దూరమంటే 5 డిగ్రీలు. గీత ఎక్కడుందో అంచనా వేయడంలో ఒక్క డిగ్రీ తప్పితే ఆ దూరంలో ఐదో వంతు తప్పినట్టే. మరీ దగ్గరికి పోతే రిబ్బనులో చోటుచోటుకూ ఉండే చిన్న తేడాలు గీతనే మసకబారుస్తాయి. మధ్యలో ఉన్న ఇరుకు సందులో నిలబడి, డిగ్రీలో చిన్న భాగాల చొప్పున కదులుతూ కొలవాలి.

నాలుగో ఆధారం ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. పందెంలో తేడా 32 రెట్లు తగ్గితే దూరం 25 రెట్లు తగ్గుతుందన్నాం. గెలుపు గెలుపే, కానీ ఎంత స్వల్పం! జట్టు పదింతలు పెరిగితే కలగాపులగం ప్రభావం నాలుగో వంతు మేరకు కూడా తగ్గదు. అంటే కరిగిపోతుందన్నది నిజమే అయినా చాలా నెమ్మదిగా కరుగుతుంది. కొలతలను ఒట్టి ఘాతాంకంతో సరిపెట్టకుండా, ఈ నెమ్మదితనాన్ని సవరణ పదాలుగా లెక్కలో చేర్చితేనే అసలు అంకె బయటపడుతుంది. కౌల్ బృందం పట్టుబట్టింది అక్కడే. సవరణలు చేర్చి, గీతకు తగినంత దగ్గరగా తీసిన కొలతలతో సరిచూస్తే, బీటా 0.365 చుట్టూ, గామా 1.39 చుట్టూ వచ్చి నిలిచాయి. శుద్ధ హైజెన్‌బర్గ్ అయస్కాంతపు అంకెలే అవి.

తర్వాత 1990లలో పి.డి. బాబు, కౌల్ ఇంకా మొండి పదార్థాన్ని ఎంచుకున్నారు. వందలో తొంభై పాళ్లు ఇనుము, పది పాళ్లు జిర్కోనియం ఉన్న అస్ఫటిక మిశ్రలోహం అది. అందులో ఇనుము స్థానంలో కోబాల్ట్ కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. క్యూరీ ఉష్ణోగ్రత ఎక్కడికో పోయింది, ఘాతాంకాలు మాత్రం కదల్లేదు. అంతకంటే లోతైన సంగతి ఇంకొకటి దొరికింది. ఇనుము ఎక్కువగా ఉన్న రిబ్బనులో స్పిన్‌లన్నీ ఆ మార్పులో పాల్గొనడం లేదు. కొద్ది భాగమే ఎడతెగని ఒక పెద్ద అల్లికగా మారి గీతను దాటుతోంది, మిగిలినవి చిన్న చిన్న దీవుల్లా విడిగా ఉండిపోతున్నాయి. కోబాల్ట్ పెరిగే కొద్దీ పాల్గొనే భాగం పెరిగింది. అంకె మారకపోయినా, ఆ అంకె వెనక నిలబడేవాళ్ల సంఖ్య మారుతోందన్నమాట. కలగాపులగం తన ముద్ర వేసింది ఘాతాంకం మీద కాదు, ఇక్కడ.

ఏడో ఆధారం: ఎదురు సాక్షి

ఒక్క వైపు సాక్ష్యంతో తీర్పు చెప్పడం న్యాయం కాదు. హారిస్ మాటలో రెండో సగం ఉంది కదా, ఇజింగ్ రకంలో అంకెలు మారి తీరాలని.

దానికి ఐరన్ ఫ్లోరైడ్ స్ఫటికాలు దొరికాయి. అందులో స్పిన్ ఒకే గీత మీద పైకో కిందికో చూస్తుంది, అచ్చమైన ఇజింగ్ రకం. ఇనుము ఉండాల్సిన చోట్లలో కొన్నిటిలో అయస్కాంత గుణం లేని జింకును చెదురుమదురుగా నింపితే కలగాపులగం సిద్ధం. 1980లలో రాబర్ట్ బర్జెనో, డేవిడ్ బెలాంజర్, విన్సెంట్ జాకరినో తదితరులు ఈ స్ఫటికాలను న్యూట్రాన్‌లతోనూ కాంతితోనూ పరీక్షించారు. బీటా 0.325 నుంచి 0.35కు జరిగింది. శుద్ధ స్ఫటికంలో గీత దగ్గర ఆకాశానికి ఎగసే విశిష్టోష్ణం, జింకు కలిసిన దాంట్లో కొస మాత్రం తేలి ఆగిపోయింది. 1998 నాటి కంప్యూటర్ లెక్కలు కూడా బీటా 0.35 దగ్గరేనని బలపరిచాయి.

గణితం కూడా సాక్ష్యానికి వచ్చింది. 1986లో జెన్నిఫర్ చేయస్, లింకన్ చేయస్, డేనియల్ ఫిషర్, థామస్ స్పెన్సర్ ఒక సిద్ధాంతం నిరూపించారు. కలగాపులగం ఉన్న మూడు కొలతల పదార్థంలో జట్టు పెరుగుదలను చెప్పే ఘాతాంకం మూడింట రెండు వంతులకు, అంటే 0.667కు తగ్గకూడదు. శుద్ధ ఇజింగ్ విలువ 0.63, ఆ గడప దాటలేదు. జింకు కలిసిన స్ఫటికంలో కొలిస్తే 0.69, దాటింది. శుద్ధ హైజెన్‌బర్గ్ విలువ 0.71, అది ముందు నుంచే గడప లోపల ఉంది, మారాల్సిన పని లేదు. ఏడు ఆధారాలూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోయాయి.

ముడి విడిపోయిన చోట

కలగాపులగం అయస్కాంతపు మార్పును పాడు చేస్తుందా అని అడిగితే, జవాబు స్పిన్ స్వభావంలోనే ఉంది. ఎటైనా తిరగగలిగే స్పిన్‌లున్న చోట గీత చేరేలోగా అది కరిగిపోతుంది. రెండే దిక్కులు తెలిసిన స్పిన్‌లున్న చోట అది గెలిచి, కొత్త అంకెలు రాస్తుంది. దీనికి హద్దు కూడా ఉంది. లాగే బంధాలూ నెట్టే బంధాలూ ఒకే పదార్థంలో కలిస్తే పుట్టే స్పిన్ గాజుల దారి వేరు. ఆ దారిలో చేసిన కృషికి జార్జియో పరీసీకి 2021లో నోబెల్ వచ్చింది.

ఈ కథలో నాకు బాగా విలువైనదిగా తోచేది ఆరో ఆధారం. పొంతన లేని అంకెలు వచ్చినప్పుడు సిద్ధాంతాన్ని పారేయడం సులువు. అవతలి ల్యాబు కొలతను తప్పనడం ఇంకా సులువు. ఎవరు ఎంత దూరాన నిలబడి కొలిచారో అడగడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక హైదరాబాద్‌లో కొండరాళ్ల మధ్య ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో దొరికింది.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో భౌతిక శాస్త్రం చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. ఇలాంటి ప్రశ్నలు మనకు అందనంత దూరంలో ఉంటాయని అనుకోకండి. మీ ఊళ్లో కొలిమి ఇంకా వెలుగుతుంటే, పెద్దల్ని అడిగి, ఒక దారమూ ఒక అయస్కాంతమూ తీసుకుని వెళ్లండి. ఎర్రటి ఇనుముకు తగినంత దూరంలో నిలబడి, అది చల్లారే దాకా దారం మీంచి చూపు తిప్పకుండా చూడండి. అది వంగిన క్షణంలో మీరు చూసేది, ఈ ఏడు ఆధారాలూ దేని కోసం వెతికాయో సరిగ్గా దాన్నే.